ఒక మెట్టు ఎక్కువ మర్యాద: గోదావరి సంఘాలూ వెటకారమూ

డిసెంబరు వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఏ కాలువ వంతెన ఎక్కినా ఒక ఫ్లెక్సీ ఎదురవుతుంది. మధ్యలో సూటు వేసుకుని మైకు పట్టుకున్న దైవజనుల, అంటే పాస్టరు గారి, నిలువెత్తు బొమ్మ, పక్కన ఆయన భార్య 'అమ్మగారి' బొమ్మ. దిగువన తపాలా బిళ్ళల వరసలో సంఘ పెద్దలు, యువజన కమిటీ, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చినవారు, ఆ వార్డు నాయకుడు. ఒక మూల పావురం, ఇంకో మూల మంట. బైబిలు వాక్యం కూడా ఎక్కడో ఉంటుంది, కళ్ళజోడు ఉన్నవారికి కనిపిస్తుంది. వంతెన మీద సైకిలు ఆపినవాడు అంతా తీరిగ్గా చదివి, ఫ్లెక్సీ కడుతున్న కుర్రవాణ్ణి అడుగుతాడు: "చాలా బాగుందండి. యేసు ప్రభువు వారి ఫొటో దొరకలేదా?" కుర్రవాడి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంటుంది: "మన సంఘంలో బొమ్మలు పెట్టకూడదండి."

సిద్ధాంతం ప్రకారం ఆ జవాబు సరైనదే. చాలా ప్రొటెస్టెంటు సంఘాలు ఆరాధనలో బొమ్మలకు చోటివ్వవు. అయితే పది అడుగుల ఫ్లెక్సీ కింద నిలబడి ఆ మాట అంటే వినేవాడికి నవ్వు ఆగదు. వంద పేజీల విమర్శ చేయలేని పని ఒక్క ప్రశ్న చేసింది. సంఘం చెప్పేదానికీ చేసేదానికీ మధ్య ఖాళీ ఎంతో కొలిచి చూపించింది. గోదావరి క్రైస్తవ సంఘాల నేటి సంస్కృతిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద దొరకడం కష్టం.

గోదావరి జిల్లాల వెటకారం పేరుపడ్డదే గానీ, అది ఎలా పనిచేస్తుందో ఆలోచించేవారు తక్కువ. మామూలు ఎగతాళి ఎదుటివాణ్ణి కిందికి లాగుతుంది. డెల్టా వెటకారం అతణ్ణి ఇంకో మెట్టు పైకెక్కిస్తుంది. 'తమరు', 'గారు', 'అండి' ఏవీ తగ్గవు, అవసరమైతే ఒకటి రెండు ఎక్కువే పడతాయి. ఎక్కినవాడు కిందికి చూసుకుంటే నిచ్చెన ఉండదు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన ప్రసంగీకుడికి ఎదురెళ్ళి, "ఇంత త్వరగా వచ్చేశారేమిటండి, ఇంకా కొంతమంది ఇళ్ళకు వెళ్ళలేదు" అనడం దీనికి చక్కని నమూనా. ఆ వాక్యంలో అమర్యాద ఎక్కడుందో చూపించమంటే ఎవరూ చూపించలేరు.

బైబిలులో వ్యంగ్యం కూడా చాలాచోట్ల ఇలాగే నడుస్తుంది. కర్మెలు పర్వతం మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు ఉదయం నుంచి కేకలు వేసి అలసిపోతే, ఇశ్రాయేలు ప్రవక్త ఏలీయా వారి దేవుణ్ణి తిట్టడు. ఇంకా గట్టిగా పిలవండి, ఆయన దేవుడు కదా, ధ్యానంలో ఉన్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో, నిద్రపోతుంటే లేపాలేమో అంటాడు. మాటమాటకూ మర్యాదే. కష్టాల్లో ఉన్న తనకు నీతులు చెప్పడానికి వచ్చిన మిత్రులతో యోబు, లోకంలో మనుషులంటే మీరేననీ, మీరు పోతే తెలివి కూడా మీతోనే పోతుందనీ అంటాడు. కొరింథు సంఘానికి రాస్తూ అపొస్తలుడు పౌలు, మీకప్పుడే కడుపు నిండింది, అప్పుడే ధనవంతులయ్యారు, మమ్మల్ని వదిలేసి మీరు రాజులైపోయారు అంటాడు. ఈ మూడింటినీ పాలకొల్లు సంతలో ఎవరైనా ఎవరితోనైనా అనవచ్చు, యాస ఒక్కటి మార్చుకుంటే చాలు.

అయినా సంఘంలో హాస్యం అనేసరికి కొందరి ముఖాలు బిగుసుకుంటాయి. వారి దగ్గర వచనాలు కూడా ఉన్నాయి. అపహాసకులు కూర్చునే చోట కూర్చోవద్దని మొదటి కీర్తన చెబుతుంది. ఎఫెసీయులకు రాసిన పత్రికలో సరసోక్తులు వద్దని ఉంది. ఈ రెండూ న్యాయమైన హెచ్చరికలే. వెకిలి మాటకూ వ్యంగ్యానికీ తేడా తెలియని హాస్యం ఎక్కడైనా చెడ్డదే. మూడో వచనం సంగతి వేరు. 105వ కీర్తనలోని "నా అభిషిక్తులను ముట్టకూడదు" అన్న మాట ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించేది కానుకల లెక్క అడిగినప్పుడే. ఆ కీర్తనను మూడు వచనాలు ముందు నుంచి చదివితే అభిషిక్తులు ఎవరో తెలుస్తుంది. లెక్కకు కొద్దిమంది, పరాయి దేశంలో సొంత నేల లేక ఒక రాజ్యం నుంచి మరో రాజ్యానికి తిరిగినవారు. వారిని ముట్టుకోవద్దని దేవుడు గద్దించింది రాజులను. దిక్కులేనివారికి రాజుల నుంచి రక్షణగా పలికిన మాట, ఇవాళ వేదిక మీది సోఫాకు చాప మీద కూర్చున్న ముసలమ్మ నుంచి రక్షణగా పనికొస్తోంది. ఇంత చక్కటి హాస్యం ఎవరూ కావాలని సృష్టించలేరు.

అబ్రాహాము భార్య శారా సంగతి కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. తొంభై ఏళ్ళ వయసులో కొడుకు పుడతాడంటే గుడారం వాకిట్లో నవ్వుకుంది. భయపడి, నవ్వలేదంది. లేదు, నవ్వావు అన్నాడు దేవుడు. అంతటితో ఆ విషయం వదిలేశాడు. శిక్ష లేదు. పుట్టిన బిడ్డ ఇస్సాకు పేరుకు అర్థమే నవ్వు.

ఈ ప్రాంతంలో దైవకథ మధ్యలో నవ్వు కొత్త కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నం పేరు తెచ్చుకున్న తోలుబొమ్మలాటలో రామాయణం జోరుగా సాగుతుండగా కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకుతారు. వారి మోటు మాటలకు రాముడి గౌరవం తగ్గిందని ఎవరూ లేచిపోలేదు. పైగా పిల్లలు తెల్లవారేదాకా మేలుకుని ఉండేది వారి కోసమే. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం (1848–1919) తన సమాజంలోని చెడుగులను ప్రహసనాలలో ఎండగట్టాడు. ఆయన ఆడిపోసుకున్నది పొరుగింటిని కాదు, పుట్టిన ఇంటిని. డెల్టా క్రైస్తవుడు పుట్టి పెరిగింది కూడా ఈ నీటి మీదే. బాప్తిస్మం తీసుకున్న కాలువ, వెటకారం వంటబట్టిన కాలువ ఒకటే.

ఆ కాలువల చరిత్ర, సంఘాల చరిత్ర ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషను పుట్టుక అదే. వారికి బిరుదులు లేవు. ఒకరు తాపీపని చేసినవారు, ఇంకొకరు చెప్పులు కుట్టినవారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం మొదలయ్యాక అక్కడ పోగైన కూలీల మధ్య కూడా ఈ మిషను ప్రకటన సాగింది. తర్వాత లూథరన్లు, కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు బలపడ్డారు. 1938లో ముంగమూరి దేవదాసు బైబిలు మిషను మొదలుపెట్టారు. ఆయనది రాజమండ్రి దగ్గరి జేగురుపాడు. ఆ పైన పెంతెకొస్తు సంఘాలు వచ్చాయి, ఆ పైన సందుకో సంఘం వచ్చింది.

చెప్పులు కుట్టే వృత్తిని అంటరానిదిగా చూసిన గడ్డ మీదికి సువార్త చెప్పులు కుట్టినవాడి నోటితో వచ్చిందంటే, ఆ సంగతిని సంఘాలు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోవాలి. గోడ మీద మరో ఫ్రేము ఉంది. అందులో దైవజనులు గౌను, నల్ల టోపీ వేసుకుని డాక్టరేటు పుచ్చుకుంటున్నారు. ఏ విశ్వవిద్యాలయమని అడిగితే పేరు చెబుతారు, ఏ ఊరని అడిగితే ప్రార్థనలోకి వెళతారు. ఫ్లెక్సీ మీద పేరుకు ముందు రెవరెండు, దానికి ముందు డాక్టరు, దానికి ముందు బిషపు. పేరు వచ్చేసరికి గుడ్డ అయిపోతుంది. సంఘం పేరులో 'అంతర్జాతీయ' తప్పనిసరి. సరిహద్దులు మాత్రం తూర్పున లాకులు, పడమర చేపల మార్కెట్టు. నిజానికి ఈ అంతర్జాతీయం పూర్తిగా అబద్ధమూ కాదు. కోనసీమ నుంచి, నర్సాపురం వైపు నుంచి గల్ఫు దేశాలకు వెళ్ళి ఇంటిపని చేసే ఆడవాళ్ళ కానుకలు ఎన్నో మందిరాలకు నేలరాళ్ళై పరుచుకున్నాయి. ఆ తల్లుల ఫొటోలు ఫ్లెక్సీ మీద ఉండవు, తపాలా బిళ్ళంత కూడా.

ఇక కోత పండుగ. సంఘ జీవితంలో ఇంత రుచికరమైన రోజు మరొకటి లేదు. పొలాల నుంచి ఇళ్ళకు వచ్చినదానిలో తొలి భాగం దేవుడికివ్వడం దీని ఉద్దేశం. సార్వా కోతలు ముగిశాక మందిరం ముందు పందిట్లో అన్నీ చేరతాయి. అరటి గెలలు, కొబ్బరి బొండాలు, గుమ్మడికాయలు, కంద, కోడిగుడ్లు, కాళ్ళు కట్టేసిన నాటుకోళ్ళు, రొయ్యల చెరువు ఉన్నవారి నుంచి ఐసు పెట్టెలో రొయ్యలు. ఆరాధన అయ్యాక వేలం మొదలవుతుంది. తెలుగులో వేలానికి పిలిచే ధరను 'పాట' అంటాం కనుక ఆ రోజు సంఘంలో రెండు రకాల పాటలుంటాయి. మొదటి రకంలో నోరు విప్పనివారు రెండో రకంలో గొంతు చించుకుంటారు.

ఒక కొబ్బరికాయ లేస్తుంది. బజారులో దాని ధర ముప్పయ్యో నలభయ్యో. పాట వందతో మొదలై, ఇద్దరు సంఘ పెద్దలు ఒకరినొకరు చూసుకున్నాక అయిదు వందలు దాటుతుంది. మైకు పట్టుకున్నవాడు ఈ ఘట్టం కోసమే ఏడాదంతా బతుకుతాడు. "పెద్దాయన గారు ఆగారు. అలిసిపోయారేమో, మంచినీళ్ళివ్వండి." పెద్దాయన అలిసిపోలేదని వెయ్యితో నిరూపిస్తాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చప్పట్లు. పెద్దాయన లేచి కాయను అందుకుని, ఫొటో అయ్యేదాకా పట్టుకుని, "దీన్ని మళ్ళీ మందిరానికే ఇస్తున్నాను" అంటాడు. కాయ మళ్ళీ బల్ల ఎక్కుతుంది, మళ్ళీ పాట. మధ్యాహ్నానికి ఒకే కొబ్బరికాయ మూడుసార్లు అమ్ముడుపోతుంది. అయిదు రొట్టెలతో అయిదు వేలమందికి పెట్టిన అద్భుతానికి ఇది మన ప్రాంతపు కూర్పు. తేడా ఒక్కటే, ఇక్కడ ఎవరి కడుపూ నిండదు.

అప్పుడు మైకువాడు గొంతు సవరించుకుంటాడు: "అయ్యా, తమరు నిరుడు పాడిన పాట ఇంకా పుస్తకంలోనే పాడుతోంది. దాన్ని కూడా వినిపించమంటారా?" పందిరంతా గొల్లుమంటుంది. పెద్దాయన కూడా నవ్వుతాడు, నవ్వక తప్పదు. నవ్వకపోతే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టవుతుంది, పక్కనే నిజమైన గుమ్మడికాయలు కూడా ఉన్నాయి. బాకీ మరుసటి ఆదివారానికి జమవుతుంది. కమిటీ మూడు సమావేశాలు పెట్టి, రెండు నోటీసులు పంపి రాబట్టలేని సొమ్మును ఒక ఛలోక్తి రాబట్టింది. సంఘంలో హాస్యం క్రమశిక్షణను చెడగొడుతుందనేవారు ఒక్క కోత పండుగనైనా చివరిదాకా కూర్చుని చూడాలి.

అదే పందిట్లో, మైకుకు దూరంగా ఒక గోనెసంచి మూతి విప్పి ఉంటుంది. క్రైస్తవ ఇళ్ళలో పాత అలవాటు ఒకటుంది. పూటపూటా అన్నానికి ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తుంది. వారం తిరిగేసరికి అది మందిరానికి వెళుతుంది. సోనా మసూరి, రేషను బియ్యం, నూక, అన్నీ ఒకే సంచిలో కలిసిపోతాయి. పేర్లు చదవరు, చదవడానికి ఉండవు. దాన్ని వేలం వేయరు, వేస్తే పాడేవారు ఉండరు. ఎన్నో సంఘాలలో బిరుదులు లేని తొలినాటి కాపరులు బతికింది ఈ బియ్యం మీదే. ధర్మం చేసేటప్పుడు ముందర బూర ఊదించుకోవద్దన్నాడు యేసు. ఆ కాలపు బూర ఊపిరితో ఊదేది, ఇప్పటిది కరెంటుతో నడుస్తుంది, యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారమవుతుంది. పిడికెడు బియ్యానికి ఏ బూరా లేదు.

క్రైస్తవులను 'బియ్యం బస్తా' అని వెక్కిరించేవారు ఆ గోనెసంచి దగ్గర ఒక నిమిషం నిలబడితే బాగుంటుంది. బియ్యానికి ఆశపడి మతం మారారన్నది వారి ఎగతాళి. ఆ సంచిలోకి మాత్రం తరాలుగా బియ్యం పేద ఇళ్ళ నుంచే వచ్చి పడుతోంది. ఈ వెక్కిరింతకూ, వేలం దగ్గరి ఛలోక్తికీ పైకి పోలిక కనిపించవచ్చు. రెండింటిలోనూ నవ్వు ఉంది, రెండింటిలోనూ లక్ష్యం సంఘమే. తేడా నవ్వు ఎటు నుంచి ఎటు వెళుతోందన్నది. వేలంలో నవ్వు చాప మీద నుంచి లేచి వేదిక మీదికి వెళ్ళింది. వెక్కిరింతలో గోడ అవతలి నుంచి వచ్చి చాప మీద పడింది. మొదటిది పరీక్ష, రెండోది హేళన. తెలుగులో వేళాకోళం, ఎగతాళి, ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, హేళన అని ఇన్ని మాటలు ఉండటం ఊరికే కాదు.

ఈ దిక్కును పట్టించుకోకుండా రాసిన హాస్యం ఎలా తప్పుదోవ పడుతుందో చెప్పడానికి రెండు పేర్ల సంగతి చాలు. డెల్టాలో ఆదివారం శామ్యూలు, సోమవారం సత్యనారాయణ అయ్యే మనుషులు చాలామంది ఉన్నారు. బయటివారికి ఇది భలే సరదా. దీని వెనక 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఉంది. మొదట దాదాపుగా హిందువులకే పరిమితమైన ఆ హోదాను 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను, వారి సంతతిని వెనుకబడిన తరగతుల్లో సీ విభాగం (బీసీ-సీ) కింద చేర్చారు. ఆ విభాగానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం. మతం మారినా ఊరు మారదు, ఊళ్ళో పేట ఎక్కడుందో అక్కడే ఉంటుంది. కాగితం మాత్రం మారిపొమ్మంటుంది. ఆ మనిషి తన మీద తాను వేసుకునే ఛలోక్తి ఒకలా ఉంటుంది: "మా బాప్తిస్మం నీళ్ళు ఎమ్మార్వో ఆఫీసు దాకా పారవండి, పల్లం చాలదు." అదే మాట మరొకడు అతని మీద వేస్తే ఫిర్యాదు కాగితం అవుతుంది. ఒకే నవ్వు, మనిషి మారితే బెదిరింపు.

కులం విషయంలో లోపలివారు కూడా తప్పించుకోలేరు. క్రీస్తులో యూదుడని గ్రీసు దేశస్థుడని తేడా లేదని వేదిక మీద ఆవేశంగా చెబుతారు. దిగివచ్చాక పెళ్ళి సంబంధం మాట వస్తే, "వాళ్ళు విశ్వాసులేనండీ, కానీ వాళ్ళు..." అని వాక్యం అక్కడ ఆగిపోతుంది. ఆ ఆగిన చోటు మీద ఎవరూ హాస్యం రాయడం లేదు. రాయాల్సింది అక్కడే.

కట్నం దగ్గర మాత్రం జనం కాస్త ధైర్యం చేశారు. కొన్ని సంఘాలలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోకూడదు. చెవులకు పూస ఉన్నా ప్రసంగంలో దాని ప్రస్తావన వస్తుంది. తెల్ల చీర, బోసి మెడ. పెళ్ళి మాటల్లో మాత్రం కాసులెన్నో తేలాల్సిందే. చట్టం 1961లోనే వద్దంది, బేరం మాత్రం ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగుస్తుంది. దోమను వడగట్టి ఒంటెను మింగుతారని యేసు, నియమాల పట్టింపు ఎక్కువైన పరిసయ్యులను అన్నాడు. ఆ పోలికలో సగం డెల్టావాసికి ఎవరూ వివరించనక్కర్లేదు, దోమ ఎంతుంటుందో అతనికి బాగా తెలుసు. ఒంటెను చూసి ఉండడు కనుక కట్నమని చెబితే సరిపోతుంది. ఈ నేల మీద దానికి మరో సామెత కూడా ఉంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. మతం మారినా సామెత మారాల్సిన అవసరం రాలేదు.

సంఘపు తెలుగు కూడా హాస్యానికి పెద్ద గని. ఇంట్లో 'వచ్చాడు' అనే మనిషి ప్రార్థనలో 'వచ్చియున్నాడు' అంటాడు. కాఫీ అడిగినట్టు అడగాల్సిన చోట 'దయచేయుము' అంటాడు. ఇది వెక్కిరించాల్సిన విషయం కాదు, పాత బైబిలు అనువాదం వారికిచ్చిన ఆస్తి. అక్షరం రాని తల్లులు కూడా గ్రాంథిక క్రియలను తప్పు లేకుండా పలకడం తెలుగులో మరెక్కడా కనిపించదు. నవ్వు వచ్చేది ఆ భాష ఇంకో పనికి దిగినప్పుడు. ప్రార్థన అన్న పేరుతో జరిగే ప్రకటనలు వినాలి: "ప్రభువా, రేపు సాయంత్రం ఆరు గంటలకు కమిటీ సమావేశమున్నదని నీవెరుగుదువు. కిందటి నెల చందా ఇవ్వనివారు ఈ వరసలోనే కూర్చుని యున్నారనియు నీవెరుగుదువు." దేవుడికి తెలుసు. తెలియాల్సినవారు కళ్ళు మూసుకుని ఉన్నారు, చెవులు మూసుకోలేరు కదా. స్త్రీల కూటంలో, పురుషుల కూటంలో 'ప్రార్థన అంశం' అన్న పేరు మీద ఊరి కబుర్లు ఇంతకంటే సాఫీగా నడుస్తాయి. "ఫలానా వారి అమ్మాయి కోసం ప్రార్థించండి. ఎందుకో నేను చెప్పకూడదు." చెప్పకూడనిది ప్రార్థన ముగిసేలోగా అందరికీ తెలుస్తుంది.

సెమీ క్రిస్మస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇరవై అయిదో తేదీన కాలేజీలకు సెలవు, వక్తలకు ఖాళీ ఉండదు, నాయకులు ఒకేసారి నాలుగు చోట్ల కేకు కోయలేరు. అందుకని డిసెంబరు మొదటి వారం నుంచే కేకులు తెగుతాయి. జననం సగం ఎలా జరుగుతుందని అడిగినవారికి ఇప్పటిదాకా జవాబు రాలేదు. అసలు పండుగ నాటికి పిల్లలు కేకును చూసి ముఖం తిప్పుకుంటారన్నది మాత్రం నిజం.

అమెరికాలో ఇలాంటి హాస్యానికి అచ్చు సంప్రదాయం ఉంది. ప్రొటెస్టెంటు ఉద్యమానికి మూలపురుషుడైన లూథరు పేరుతో ముడిపడిన విట్టెన్‌బెర్గు తలుపును గుర్తుచేస్తూ, అందులో ఒక అక్షరం తప్పుగా రాసుకుని 1971లో ఒక వ్యంగ్య పత్రిక మొదలైంది. సువార్తిక సంఘాల లోపలివారే దాన్ని నడిపారు. 2016లో వచ్చిన బాబిలాన్ బీ అనే వ్యంగ్య వెబ్‌సైటు కూడా మొదట్లో ఆరాధన బృందాల గిటార్ల మీద, మందిరాలలో కాఫీ దుకాణాల మీద జోకులు వేసింది. పోను పోను దానిలో దేశ రాజకీయాలు ఎక్కువై, నవ్వు ఎదుటి పక్షం మీదికి తిరిగింది. సొంత ఇంట్లో చీపురు పట్టుకున్నవాడు వీధిలోకి వెళ్ళి దానితోనే కొట్టడం మొదలుపెట్టినట్టు. డెల్టాలో అలాంటి పత్రిక లేదు. ఇక్కడిదంతా నోటి మాట, చెప్పులు విడిచే చోట పుట్టి సైకిలు స్టాండు దాకా నడిచేది. రాతలో లేదు కనుక నిలవదు. రాతలో లేదు కనుకనే ధైర్యంగా ఉంది.

కుర్చీల సంగతితో ఇదంతా ఒక దగ్గరికి వస్తుంది. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు లోపలికి వస్తే మంచి చోటు చూపించి, మాసిన బట్టల పేదవాణ్ణి కాళ్ళ దగ్గర కూర్చోమనే సంఘాన్ని యాకోబు తన పత్రికలో, అంటే బైబిలులోని తన ఉత్తరంలో, బొమ్మ గీసినట్టు రాశాడు. ఇప్పుడు మందిరాలలో మూడు తరగతులున్నాయి. వేదిక మీద సోఫా, ముందు వరసలో ప్లాస్టిక్కు కుర్చీలు, వెనక చాపలు. ఫ్యాను ఎక్కడ తిరుగుతుందో చెప్పనక్కర్లేదు. ఆలస్యంగా వచ్చిన నాయకుడి కోసం ముందు వరసలో ఒక ముసలాయనను లేపినప్పుడు ఆయన లేచి, దుప్పటి భుజాన వేసుకుని అంటాడు: "నాకేమీ ఇబ్బంది లేదండీ. పరలోకంలో కూడా ఇదే వరసైతే ముందే చెప్పండి, అలవాటు చేసుకుంటాను." లేపినవాడి చేతిలో కుర్చీ అలాగే ఉండిపోతుంది. యాకోబు పత్రిక మీద గంటసేపు ప్రసంగించినా రాని నిశ్శబ్దం ఆ పది క్షణాలలో వస్తుంది.

మెలకువ రాత్రి ప్రసంగం మాత్రం ఏ వెటకారానికీ లొంగలేదు. డిసెంబరు 31న పన్నెండు కొట్టేసరికి ముగియాల్సింది, కొత్త ఏటికి బైబిలు వచనాలు రాసిన వాగ్దాన కార్డుల పళ్ళెం అందరి దగ్గరికీ తిరిగాక కూడా సాగుతుంది. "చివరిగా ఒక్క మాట" అని మూడుసార్లు వినిపించాక గోడకు ఆనుకున్నవారు ఒకరి తర్వాత ఒకరు ఒరుగుతారు. పక్కవారితో ఆమేన్ చెప్పమన్నప్పుడు పక్కవారు లేవరు. అపొస్తలుల కార్యాలు 20వ అధ్యాయం తెలిసినవారు లోలోపల నవ్వుకుంటారు. త్రోయ అనే పట్టణంలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు గాఢనిద్రలో మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఎత్తి చూస్తే ప్రాణం లేదు. పౌలు దిగి వెళ్ళి అతణ్ణి కౌగిలించుకుని, ప్రాణముందని చెప్పి అందరి కంగారూ పోగొట్టాడు. తర్వాత మళ్ళీ మేడ ఎక్కి, రొట్టె విరిచి తిని, తెల్లవారే దాకా మాట్లాడాడు.